సరుకు ఆగితే పూచీ ఎవరిది?

2015 నవంబరులో నూజివీడు సీడ్స్‌కూ, దానితోపాటు ప్రభాత్ అగ్రి బయోటెక్, ప్రవర్ధన్ సీడ్స్ కంపెనీలకూ మహికో మన్‌శాంటో ఉత్తరాలు పంపింది. పత్తి విత్తనాల్లో వాడే బీటీ పరిజ్ఞానానికి ఇవ్వాల్సిన ట్రైట్ రుసుము బకాయిలు కట్టలేదు కాబట్టి ఉప లైసెన్సు ఒప్పందాలు రద్దు, ఇక మా బీటీ పరిజ్ఞానం వాడడానికి వీల్లేదు అన్నది వాటి సారాంశం. 2016లో దావా ఢిల్లీ హైకోర్టుకు చేరింది. సింగిల్ జడ్జి మధ్యంతర ఉత్తర్వు 2017 మార్చి 28న వచ్చింది. 2018 ఏప్రిల్ 11న డివిజన్ బెంచి ఆ ఉత్తర్వును దాటి, అసలు మన్‌శాంటో పేటెంటే చెల్లదనేదాకా వెళ్లింది. సాక్ష్యం నడవకుండా తేల్చే ప్రశ్న కాదది అంటూ సుప్రీంకోర్టు 2019 జనవరి 8న దావాను సింగిల్ జడ్జి దగ్గరికే తిప్పి పంపి, పాత మధ్యంతర ఉత్తర్వును నిలబెట్టింది. ఆ ఏడాది నవంబరుకు పేటెంటు గడువే తీరిపోయింది. 2021 మార్చిలో ఇరు పక్షాలూ రాజీపడ్డాయి.

అంటే సాక్షులను విచారించి, పత్రాలు పరిశీలించి ఇచ్చే తీర్పు ఆ దావాలో రానే లేదు. సుప్రీంకోర్టు మాట వచ్చేలోగా మూడు ఖరీఫ్‌లు గడిచిపోయాయి. ఆ మూడు ఖరీఫ్‌లలోనూ తిరువూరు, ఎ.కొండూరు, మైలవరం మెట్టల్లో పత్తి వేసిన రైతు చేతికి ఏ విత్తనం, ఏ ధరకు అందిందన్నది ప్రభుత్వ ధరల ఉత్తర్వూ, తుది విచారణ జరగకుండానే వచ్చిన కోర్టు ఉత్తర్వులూ కలిసి నిర్ణయించినదే. సరఫరా వివాదాల్లో ఇది మినహాయింపు కాదు. అదును మీద ఆధారపడ్డ ఏ వ్యాపారంలోనైనా మధ్యంతర ఉత్తర్వే దాదాపుగా తీర్పు. అలాంటప్పుడు ఆ ఉత్తర్వు తప్పని తర్వాత తేలితే నష్టం ఎవరు భరిస్తారన్న ప్రశ్న విచారణలో మొదటి వరసలో ఉండాలి. మన కోర్టుల్లో అది చివరి పేరాలో కూడా కనిపించడం అరుదు.

పెద్ద కంపెనీల సంగతి పక్కనపెట్టి, మైలవరం రోడ్డు మీద ఎరువులు, పురుగుమందులు అమ్మే ఒక దుకాణదారుణ్ణి ఊహించుకుందాం. అతని దగ్గర వ్యవసాయ శాఖ ఇచ్చిన లైసెన్సు ఉంటుంది. కానీ అది ఒక్కటే ఉంటే సరిపోదు. ఎరువులకు 1985 నాటి నియంత్రణ ఉత్తర్వు కింద తయారీదారు లేదా హోల్‌సేలరు ఇచ్చే ఫారం-ఓ కావాలి. పురుగుమందులకు కంపెనీ ఇచ్చే ప్రిన్సిపల్ సర్టిఫికెట్, వాడుకలో పీసీ, లైసెన్సులో నమోదై ఉండాలి. కంపెనీ సరుకు ఇవ్వనంటే ఒక బేరం పోవడంతో ఆగదు. ఆ సరుకు అమ్మే చట్టబద్ధమైన అర్హతే పోతుంది. పక్క జిల్లా నుంచి తెచ్చి అమ్మాడంటే తనిఖీలో కేసు. ఇక కంపెనీ దగ్గర అతని డిపాజిట్టు ఉంటుంది. చాలాచోట్ల సంతకం చేసిన ఖాళీ చెక్కులు కూడా ఉంటాయి. యూరియా కావాలంటే ఫలానా సూక్ష్మపోషకాల డబ్బాలు కూడా ఎత్తాలన్న 'లింకు' బేరం ఒప్పుకోనందుకు ఇండెంటు తొక్కిపెట్టారన్న ఫిర్యాదు ప్రతి ఖరీఫ్‌లో ఏదో ఒక మండలం నుంచి వినపడుతూనే ఉంటుంది.

కంపెనీ వైపూ చెప్పుకోవాలి. చెక్కులు తిరిగొచ్చిన డీలరు, ఎమ్మార్పీకి మించి అమ్మిన డీలరు, తన ప్రాంతం దాటి సరుకు మళ్లించిన డీలరు, గడువు తీరిన డబ్బాకు కొత్త చీటీ అంటించిన డీలరు కూడా ఉంటారు. అలాంటివాడికి కోర్టు ఉత్తర్వు పట్టుకుని సరుకు ఇవ్వాల్సి వస్తే, నష్టం కంపెనీతో ఆగదు, రైతు పొలందాకా వెళ్తుంది.

ఇద్దరిలో ఎవరిది నిజమో మూడేళ్ల తర్వాత తెలుస్తుంది. కోర్టు మూడు రోజుల్లో ఏదో ఒకటి చెప్పాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 కింద వేసే ఐ.ఏ. అనే చిన్న దరఖాస్తు బరువంతా అదే.

మూడు సూత్రాలు ప్రతి వకీలుకూ కంఠతా వచ్చు. ప్రాథమికంగా కేసు ఉందా, అనుకూల ప్రతికూలతల తూకం ఎటు మొగ్గుతుంది, డబ్బుతో పూడ్చలేని నష్టమా? సరఫరా వివాదంలో డీలరు సాధారణంగా మూడోదాని దగ్గర జారిపడతాడు. సరుకు ఇవ్వకపోతే పోయేది కమీషనే, దాన్ని లెక్కగట్టి తర్వాత ఇప్పించవచ్చు అంటుంది కంపెనీ. ఈ వాదనకు బలమైన ఆసరా ఇండియన్ ఆయిల్ కార్పొరేషన్, అమృత్‌సర్ గ్యాస్ సర్వీస్ కేసు. వంటగ్యాస్ డీలర్‌షిప్‌ను 1983లో రద్దు చేస్తే, మధ్యవర్తి దాన్ని పునరుద్ధరించమన్నాడు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ముప్ఫై రోజుల నోటీసుతో ఎవరైనా ముగించుకోగల ఒప్పందం కాబట్టి ఆ ముప్ఫై రోజుల నష్టం ఇస్తే చాలు, డీలర్‌షిప్ తిరిగి ఇప్పించడం చట్టం ప్రకారం కుదరదు అంది. చివర్లో దొరకనిది మధ్యలో ఎలా దొరుకుతుంది అన్న తర్కంతో ఆ తీర్పు ఇప్పటికీ వందలాది ఐ.ఏ.లను కొట్టేయిస్తోంది.

మరో ఇబ్బంది కూడా ఉంది. 'ఆపవద్దు' అనడం వేరు, 'ఇవ్వు' అనడం వేరు. ఏదైనా చేయమని ఆదేశించే మధ్యంతర ఉత్తర్వుకు మామూలు ప్రాథమిక కేసు చాలదని, అంతకంటే బలమైన ఆధారం కావాలని దొరాబ్ కవాస్‌జీ వార్డెన్ కేసులో సుప్రీంకోర్టు 1990లో చెప్పింది. అందుకే మన వకీళ్లు సరుకు ఇప్పించమని అడగరు. రద్దు లేఖ అమలు నిలిపివేయమని అడుగుతారు. రూపం మారింది, కోరిక మారలేదు. జడ్జీలకూ అది తెలుసు.

ఈ గోడకు ఇంగ్లండులో ఒకసారి కన్నం పడింది. 1973 చివర చమురు సంక్షోభం. ఒక పెట్రోలు సరఫరా కంపెనీ తన కొనుగోలుదారుడు అప్పు పరిమితి దాటాడంటూ ఒప్పందం ముగించింది. బయట బజారులో పెట్రోలు దొరకని రోజులవి. సరఫరా ఆపవద్దని జడ్జి గౌల్డింగ్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చాడు. స్కై పెట్రోలియం కేసుగా పేరుపడ్డ దాని సారం సులువు: ప్రత్యామ్నాయ సరుకు దొరికేచోట నష్టపరిహారం చాలు, దొరకని చోట చాలదు. మైలవరం డీలరుకు ఇది సూటిగా వర్తిస్తుంది. ఫారం-ఓ లేకుండా అతను వేరే చోట కొని అమ్మలేడు. జులైలో పోయిన రైతు ఖాతా డిసెంబరులో తిరిగి రాదు. అరువు ఇచ్చిన దుకాణానికే రైతు పంట డబ్బు తెస్తాడు, వచ్చే ఏడు మళ్లీ అక్కడికే వస్తాడు. ఈ గొలుసు తెగడం వల్ల పోయేదాన్ని కమీషను శాతంతో గుణించి చెప్పడం లెక్క కాదు.

అయినా ఉత్తర్వు ఇస్తే కంపెనీకి భరోసా ఏమిటి? చట్టంలో జవాబు ఉంది. ఆర్డర్ 39లో రెండో నియమంలోని రెండో ఉపనియమం నిషేధాజ్ఞను షరతులతో ఇవ్వవచ్చంటుంది. ఎంతకాలమో, లెక్కలు ఎలా రాయాలో, ఏం పూచీకత్తు ఇవ్వాలో అక్కడే రాయొచ్చు. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో 65వ నియమం ప్రకారం పూచీకత్తు లేనిదే ప్రాథమిక నిషేధాజ్ఞ ఇవ్వకూడదన్నది మూలసూత్రం. ఇంగ్లండులో దరఖాస్తుదారుడు నష్టం భరిస్తానని కోర్టుకు మాట ఇవ్వనిదే సాధారణంగా ఉత్తర్వు రాదు. మన దగ్గర ఈ అధికారం ఉంది, అలవాటు లేదు. 'తదుపరి ఉత్తర్వుల వరకు యథాతథ స్థితి' అన్న ఒక్క వాక్యంతో ఎన్ని దావాలు ఏళ్ల తరబడి సాగాయో విజయవాడ సివిల్ కోర్టుల ఆవరణలో ఏ గుమస్తానడిగినా చెబుతాడు. నిజానికి సరఫరా వివాదంలో యథాతథ స్థితి అంటే ఏమిటి? సరుకు వస్తున్న స్థితా, ఆగిపోయిన స్థితా? ఇది రాయకుండా వదిలేసిన ఉత్తర్వులు మరో వ్యాజ్యానికి, ఆర్డర్ 39 నియమం 2ఎ కింద ధిక్కార దరఖాస్తుకు దారితీస్తాయి.

ముందు పూచీ తీసుకోకపోతే తర్వాత దొరికేది చాలా తక్కువ. సరైన ఆధారం లేకుండా నిషేధాజ్ఞ తెచ్చుకున్నవాడు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 95 కింద ఎదుటివాడికి పరిహారం ఇవ్వాలి. గరిష్ఠంగా రూ. 50,000. ఆ దరఖాస్తు మీద ఉత్తర్వు వచ్చిందంటే పరిహారం కోసం విడిగా దావా వేసే దారి మూసుకుపోతుంది. అబద్ధపు దావాలకు ఇప్పించే ప్రత్యేక ఖర్చులకు సెక్షన్ 35ఎ పెట్టిన హద్దు రూ. 3,000, వాణిజ్య వివాదాల వరకు 2015 నాటి వాణిజ్య కోర్టుల చట్టం ఆ హద్దు తీసేసింది. ఒక సీజన్లో ఒక మోస్తరు దుకాణం ఎత్తే సరుకు లక్షల్లో ఉంటుంది. ఉత్తర్వు తెచ్చుకోవడంలో ఉన్న లాభానికి, తప్పుగా తెచ్చుకుంటే పడే శిక్షకు పొంతనే లేదు.

ఇక ఖర్చుల పూచీ. ఇది ఆర్డర్ 25. నిషేధాజ్ఞ పూచీతో దీన్ని కలిపేయకూడదు. అది ఉత్తర్వు వల్ల ఎదుటివాడికి కలిగే నష్టానికి. ఇది దావా ఓడితే ప్రతివాదికి కట్టాల్సిన కోర్టు ఖర్చులకు. ఇది వాదుల మీద మాత్రమే పడుతుంది. వాది ఇండియా బయట నివసిస్తూ, వివాదంలో ఉన్నది తప్ప ఇక్కడ తగినంత స్థిరాస్తి లేకపోతే కోర్టు పూచీ అడిగి తీరాలి. ఇవ్వకపోతే దావా కొట్టివేత. కృష్ణా జిల్లాకు ఇది పరాయి విషయం కాదు. న్యూజెర్సీలో కిరాణా దుకాణం నడిపే గుడివాడ మనిషి నూజివీడు మామిడి పంపుతానన్న వ్యాపారి మాట తప్పాడని ఇక్కడ దావా వేశాడనుకోండి. ఊళ్లో ఆస్తి తమ్ముడి పేర రాసి వెళ్లినవాడైతే మొదటి వాయిదాలోనే ఈ అడ్డంకి ఎదురవుతుంది. సరుకు ఆగిన వేసవిలోనే పూచీ కోసం బ్యాంకు గ్యారంటీ తెచ్చుకోవాలి. అదే బహుళజాతి కంపెనీకి ఈ ఇబ్బంది ఉండదు. నియమం ప్రకారం వాదులందరూ బయటివాళ్లై ఉండాలి. ఢిల్లీ దావాలో అమెరికా మన్‌శాంటోతోపాటు ఇక్కడి మహికో మన్‌శాంటో కూడా వాదే. ఒక స్థానిక భాగస్వామి ఉంటే చాలు, తప్పనిసరి పూచీ అన్న నిబంధన దాటిపోతుంది. వలస వెళ్లిన చిరువ్యాపారిని పట్టుకుని పెద్ద కంపెనీని వదిలే ఈ ఏర్పాటు 1908 నాటి ఊహతో రాసింది. ఇప్పటి వర్తకానికి పొసగదు.

పూచీ కావాలనగానే చిన్నవాడి నోరు కట్టేయడమేనని కొందరు న్యాయవాదులు అంటారు. ఒక మొత్తం కట్టమంటే వాళ్ల మాట నిజమే. అందుకే మొత్తం కంటే పద్ధతి ముఖ్యం. ఢిల్లీ హైకోర్టు 2017 ఉత్తర్వు ఇక్కడ పనికొస్తుంది. వాడకం ఆపించమని మన్‌శాంటో అడిగింది. జడ్జి రద్దు ప్రాథమికంగా చెల్లదని చూసి, దావా తేలేదాకా ఇరు పక్షాలూ ఉప లైసెన్సు బాధ్యతలు నెరవేర్చాలని, రుసుము మాత్రం అమలులో ఉన్న చట్టం, ప్రభుత్వ ఉత్తర్వుల ప్రకారం కట్టాలని ఆదేశించాడు. ఆపమన్నవాడికి సాగించమన్న ఉత్తర్వు దక్కింది. కేంద్రం 2016 మార్చి 8న బోల్‌గార్డ్-2 రకం బీటీ పత్తి విత్తనాల ప్యాకెట్టుకు రూ. 800 ధర, అందులో ట్రైట్ రుసుము రూ. 49గా నిర్ణయించి ఉండబట్టి ఎంత కట్టాలో కోర్టు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేకపోయింది. వ్యాపారం ఆగలేదు, డబ్బు చేతులు మారుతూనే ఉంది, ఎవరు గెలిచినా తర్వాత సర్దుకునేందుకు లెక్క మిగిలింది. కోట్ల రూపాయల పూచీకత్తు అడిగినా ఇంతకంటే మంచి రక్షణ దొరికేది కాదు.

అంతకు పదేళ్ల ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ఇదే మహికో మన్‌శాంటో మీద గుత్తాధిపత్యాల (ఎంఆర్‌టీపీ) కమిషన్‌కు వెళ్లింది. బీటీ పత్తి 450 గ్రాముల ప్యాకెట్టు అప్పట్లో రూ. 1,600 పైన పలికేది. అందులో అధిక భాగం పరిజ్ఞానం రుసుమే. 2006 మే 11న కమిషన్, ఎంఆర్‌టీపీ చట్టం 12ఎ సెక్షన్ కింద తనకున్న తాత్కాలిక నిషేధాజ్ఞ అధికారంతో, ప్యాకెట్టుకు రూ. 900 రుసుము వసూలు చేయవద్దనీ, చైనా లాంటి పొరుగు దేశాల్లో తీసుకుంటున్న తీరులో సమంజసమైన మొత్తం నిర్ణయించుకోవాలనీ చెప్పింది. రాష్ట్రం వెంటనే ప్యాకెట్టు ధర రూ. 750 చేసింది. కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్లినా స్టే రాలేదు. విత్తనాలు కొనే నెలలో వచ్చిన ఆ ఒక్క తాత్కాలిక ఉత్తర్వు దేశమంతటా పత్తి విత్తనాల ధరను మార్చింది. మరుసటి ఏడాది రాష్ట్రం తెచ్చిన పత్తి విత్తనాల చట్టం ధరతోపాటు సరఫరాను, పంపిణీని కూడా తన పరిధిలోకి తీసుకుంది. ధర కట్టడి చేస్తే సరుకు దాచే ప్రమాదం ఉంటుందని అప్పటికే అర్థమైంది కాబట్టి.

ఇప్పుడా కమిషన్ లేదు. దాని స్థానంలో వచ్చిన కాంపిటీషన్ కమిషన్‌కు సెక్షన్ 33 కింద మధ్యంతర అధికారం ఉన్నా, స్టీల్ అథారిటీ కేసులో 2010లో సుప్రీంకోర్టు దాన్ని అత్యవసర, అసాధారణ పరిస్థితులకే పరిమితం చేసింది. అసోసియేషన్ నిరభ్యంతర పత్రం తెస్తేనే కొత్త స్టాకిస్టుకు మందులు అన్న అలవాటు మీద అఖిల భారత కెమిస్టులు, డ్రగ్గిస్టుల సంస్థకు 2013లో కమిషన్ జరిమానా వేసింది. మంచిదే. కానీ జరిమానా ఖజానాకు పోతుంది. సరుకు ఆగిన దుకాణానికి ఆ నెలల్లో అది మందు సీసా తెచ్చిపెట్టదు. పేటెంటు ఉన్నచోట పేటెంట్ల చట్టందే పైచేయి, కాంపిటీషన్ కమిషన్ విచారణ కుదరదని ఢిల్లీ హైకోర్టు 2023లో చెప్పాక ఆ దారి ఇంకా ఇరుకైంది. మిగిలింది సివిల్ కోర్టే.

ఆ సివిల్ కోర్టు మైలవరం మనిషికి ఎంత దగ్గర? ఊళ్లో కోర్టు ఉన్నా, రూ. 3 లక్షలు దాటిన సరఫరా, పంపిణీ ఒప్పందం వివాదం వాణిజ్య వివాదమవుతుంది, విజయవాడ ప్రత్యేక కోర్టుకు పోవాలి. అత్యవసర ఊరట అడగకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలంటుంది వాణిజ్య కోర్టుల చట్టంలోని 12ఎ సెక్షన్. అత్యవసరం అన్న ముసుగుతో దాన్ని తప్పించుకోకూడదని సుప్రీంకోర్టు 2023లో హెచ్చరించింది. ఈలోగా ఒప్పందం చివరి పేజీలో 'హైదరాబాదు కోర్టులు' అనో 'ముంబయి కోర్టులు' అనో ఉంటుంది. 'మాత్రమే' అన్న మాట లేకపోయినా ఆ నిబంధన కట్టుబాటేనని 2013లో స్వస్తిక్ గ్యాసెస్ కేసులో తేలింది. అన్నిటికంటే విడ్డూరం క్యాలెండరు. సివిల్ కోర్టులకు వేసవి సెలవులు మేలో. ఖరీఫ్ సరుకు దుకాణాలకు చేరేదీ అప్పుడే. సెలవు కోర్టు ఉంటుంది నిజమే, కానీ అక్కడ దొరికేది ఎదుటివాడి మాట వినని తాత్కాలిక ఉత్తర్వు, లేదా జూన్‌కు వాయిదా. ముందుచూపున్న కంపెనీ ఏప్రిల్‌లోనే తన మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దని కేవియట్ వేసి పెట్టుకుంటుంది. అది తొంభై రోజులు పనిచేస్తుంది, అంటే విత్తేదాకా.

చట్టం మార్చకుండానే చేయదగినవి ఉన్నాయి. సరుకు కొనసాగించమన్న ప్రతి ఉత్తర్వులో ముందుగా చెల్లించి ఎత్తుకోవాలన్న షరతు పెడితే, ఉత్తర్వు తప్పని తేలినా కంపెనీ పోగొట్టుకునేది ఏమీ ఉండదు. ఇష్టం లేని మనిషితో మరికొన్ని నెలలు వ్యాపారం చేయడం తప్ప. పాత బకాయి మీద తగువుంటే ఆ మొత్తాన్ని కోర్టులో జమ చేయించవచ్చు. అన్నిటికీ మించి, డీలరు డిపాజిట్టు అప్పటికే కంపెనీ దగ్గర ఉంది. ఆ డబ్బును వదిలి కొత్తగా పూచీకత్తు అడగడంలో అర్థం లేదు. ఆ డిపాజిట్టునే ఉత్తర్వుకు పూచీగా లెక్కించి, దావా తేలేదాకా కంపెనీ దాన్ని సొంతంగా సర్దుకోకూడదని చెబితే రెండు వైపులా న్యాయం జరుగుతుంది. ఖాళీ చెక్కులను బ్యాంకులో వేయకుండా ఆపడం కూడా అదే ఉత్తర్వులో ఇమడాలి. కల్తీ, కాలం చెల్లిన సరుకు ఆరోపణ ఉన్నచోట మాత్రం నా అభిప్రాయం వేరు: అక్కడ ఎంత పూచీ ఇచ్చినా సరఫరా ఉత్తర్వు ఇవ్వకూడదు, పరిహారంతోనే సరిపెట్టాలి. కంపెనీ ఈలోగా అదే ఊళ్లో కొత్త డీలరును పెట్టి ఉంటే అతన్నీ పిలిచి వినాలి. అతని పెట్టుబడీ ఆ ఉత్తర్వు కింద నలుగుతుంది. ఇక గడువు. 'తదుపరి ఉత్తర్వుల వరకు' అని కాకుండా సీజను పేరు చెప్పి, ఖరీఫ్ ముగిసేదాకా అని రాస్తే ఇద్దరూ దసరా తర్వాత మళ్లీ వాదించుకోవాలి, కాలయాపన ఎవరికీ లాభం కాదు.

పూచీ ఎందుకు అడిగారో, ఎందుకు అడగలేదో ప్రతి మధ్యంతర ఉత్తర్వులో కారణం రాయాలన్న నిబంధనను సెక్షన్ 122 కింద అమరావతిలోని హైకోర్టే ఆర్డర్ 39కి చేర్చవచ్చు. సెక్షన్ 95లోని రూ. 50,000 హద్దు మాత్రం హైకోర్టు చేతిలో లేదు. దాన్ని పార్లమెంటు గానీ, రాష్ట్రపతి ఆమోదంతో శాసనసభ గానీ సవరించాలి. రూ. 1,000 ఉన్నదాన్ని ఆ అంకెకు పెంచిన సవరణ 2002 జులైలో అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి అది అక్కడే ఉంది.